తోలెముకను కవచం అనేస్తే సరిపోదు

గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన అమెరికన్ అలిగేటర్ పిల్ల పొడవు దాదాపు జానెడు. కొంగలు, రకూన్లు, పెద్ద చేపలు, ఆఖరికి సొంత జాతిలోని పెద్ద అలిగేటర్లు కూడా దాన్ని నోట వేసుకోవడానికి కాచుకుని ఉంటాయి. బతుకంతటిలో రక్షణ అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన రోజులవి. ఆ రోజుల్లో దాని వీపు మీద ఎముక పలక ఒక్కటీ ఉండదు. పొలుసులుంటాయి, పొలుసుల మధ్య గట్లు కూడా కనిపిస్తాయి, తడిమి చూస్తే మాత్రం కింద మెత్తటి చర్మమే. అక్కడ ఖనిజం పేరుకోవడం మొదలయ్యేసరికి దాదాపు ఏడాది గడుస్తుంది. అదీ మెడ దగ్గర మొదలై మెల్లగా వెనక్కి పాకుతుంది. పలకలన్నీ గట్టిపడి వీపు నిండేసరికి ఆ జంతువును తినగలిగేవాళ్లు తగ్గిపోతారు.

ఈ ఎముకల పని కాపాడడమే అనుకుంటే, ఈ కాలక్రమం తలకిందులుగా ఉంది. నా వాదనంతా ఇక్కడే మొదలవుతుంది. చర్మంలో పుట్టే ఎముకను చూడగానే మన నోట మొదట వచ్చే మాట ‘కవచం’. పుస్తకాల్లో, మ్యూజియం పలకల మీద, డాక్యుమెంటరీల్లో అదే మాట. ఆ ఒక్క మాట వల్ల దశాబ్దాలపాటు అడగాల్సిన ప్రశ్నలు అడగలేదు, దాచాల్సిన నమూనాలు దాచలేదు, గుర్తించాల్సిన జంతువుల్ని గుర్తించలేదు.

శాస్త్రంలో వీటిని ఆస్టియోడర్మ్‌లు అంటారు. నేను తోలెముకలు అంటాను. చర్మంలో పైపొర కింద, రక్తనాళాలూ నరాలూ ఉండే మందపాటి లోపొరలో పుట్టే అసలు సిసలు ఎముక ఇది. కాల్షియం ఫాస్ఫేటు, కొల్లాజెన్, బతికున్న ఎముక కణాలు, చాలాచోట్ల మూలుగ, అన్నీ ఉంటాయి. దాని మీద కనిపించే పొలుసు వేరు. అది కెరటిన్, అంటే మన గోరు తయారైన పదార్థమే. ఈ రెంటినీ కలిపేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. అలుగు ఒంటి మీది పొలుసులు ఎంత గట్టిగా ఉన్నా వట్టి కెరటిన్, వాటి కింద తోలెముక లేదు. ఖడ్గమృగం కొమ్ము కూడా అంతే. నలికండ్ల పాము సంగతి ఇందుకు తిరగబడి ఉంటుంది. నున్నగా మెరిసే ఆ ఒంటి మీద ఎముక ఉందని ఎవరూ అనుకోరు. కానీ ఒక్కో పొలుసు కింద పలచటి ఎముక ముక్కలు కొన్ని పక్కపక్కనే అమరి ఒక పలకలా ఉంటాయి. ముక్కలు ముక్కలుగా ఉండబట్టే ఆ ఒళ్లు అంత తేలిగ్గా వంగుతుంది.

పుట్టే తీరు కూడా వింతే. తొడ ఎముకలాంటిది ముందు మృదులాస్థి నమూనాగా ఏర్పడి, తర్వాత ఎముకగా మారుతుంది. అలిగేటర్ తోలెముకకు అలాంటి నమూనా లేదు. చర్మంలో ముందునుంచీ ఉన్న కొల్లాజెన్ పీచుకట్టలే ఉన్నచోటనే ఖనిజం పట్టి ఎముకవుతాయి. మధ్య గట్టు దగ్గర మొదట ఒక చుక్కలా గట్టిపడుతుంది, అక్కడినుంచి అంచులకు విస్తరిస్తుంది. అందుకే కోసి చూస్తే చర్మపు అల్లిక ఎముకలో అచ్చంగా చిక్కుకుని కనిపిస్తుంది. కొన్ని బల్లుల్లో, ఉదాహరణకు టోకే గెక్కోలో, గిలా మాన్‌స్టర్‌లో, ఎముక పైన గాజులా మెరిసే మరో గట్టి పొర ఉంటుంది. అందులో సొంత కొల్లాజెన్ దాదాపు లేదు, ఖనిజం చాలా ఎక్కువ. దానికి ఆస్టియోడెర్మిన్ అని పేరు పెట్టారు. అంటే తోలెముక అన్న ఒక్క పేరు కింద ఒకటికి మించిన పదార్థాలు, ఒకటికి మించిన పుట్టుక తీరులు ఉన్నాయి. ఇన్ని రకాలుగా పుట్టిన వాటన్నిటికీ ఒకే పని అంటగట్టడం నాకెప్పుడూ మింగుడుపడదు.

ఎదిగిన అలిగేటర్ వీపు మధ్య వరసలోంచి తీసిన ఒక తోలెముకను దగ్గరగా చూద్దాం. దాదాపు చతురస్రం. పైన మధ్యలో పొడవునా కత్తి వీపులాంటి గట్టు. గట్టుకు అటూ ఇటూ చిన్న చిన్న గుంటలు, వేలితో రాస్తే వాన చినుకులు పడి ఆరిన బంకమట్టిలా తగులుతుంది. ముందు అంచు మాత్రం నున్నగా, ఏటవాలుగా చెక్కినట్టుంటుంది. ముందున్న పలక వెనకంచు దాని మీదికి ఎక్కి కూర్చునే చోటది. తిప్పి చూస్తే కింది ముఖంలో గుంటలు లేవు, గోనెపట్టా నేతలా అడ్డగీతలూ నిలువుగీతలూ ఉంటాయి. మధ్యలో కొన్ని రంధ్రాలు. అవి రక్తనాళాలు దూరే దారులు. అడ్డంగా కోస్తే పైనా కిందా చిక్కటి ఎముక, మధ్యలో స్పంజిలా గుల్ల.

దెబ్బ ఆపడం ఒక్కటే పని అయితే మధ్యలో ఇంత గుల్ల, ఇన్ని నాళాలు ఎందుకు? పైన ఆ గుంటలెందుకు? గుంటలు పుట్టుకతో వచ్చినవి కావు. ఎముక కరిగి, మళ్లీ పేరుకుని, జీవితమంతా చెక్కుడు సాగుతూనే ఉంటుంది. నాళాలు ఆ గుంటల్లో పరుచుకుంటాయి. ఎండకు కూర్చున్న మొసలి వీపునుంచి వేడి రక్తంలోకి దిగడానికి అంతకన్నా తగిన అమరిక దొరకదు.

వేడికీ గట్టితనానికీ పడదు అన్న సంగతి దక్షిణాఫ్రికా కార్డిలిడ్ బల్లుల్లో తేటగా కనిపించింది. రెండు జాతుల తోలెముకల్ని సీటీ స్కాన్ తీసి, కంప్యూటర్ నమూనాలతో పోల్చిన అధ్యయనం 2017లో వచ్చింది. నాళాల ఖాళీలు ఎక్కువున్న ఎముక వేడి బాగా పట్టింది, ఒత్తిడికి మాత్రం త్వరగా లొంగింది. ఒకదాని కోసం రెండోది కొంత వదులుకోవాలి. శరీరం ఈ బేరం ఆడుతోందంటేనే కాపాడడం ఒక్కటే దాని లెక్క కాదని అర్థం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఒప్పించింది కాల్షియం సంగతి. ఆడ అలిగేటర్ ఒకే దఫాలో సుమారు 30 నుంచి 50 గుడ్లు పెడుతుంది. అన్నిటికీ సున్నపు పెంకు ఒకేసారి తయారవ్వాలి. ఆ కొద్దికాలంలో తిండినుంచి అంత కాల్షియం సమకూరదు. మరి ఎక్కడిది? గుడ్లు పెట్టే ఆడవాటి తోలెముకల్ని కోసి చూస్తే లోపలి ఎముక కరిగిపోయిన గుర్తులు కనిపించాయి, ఆ అధ్యయనం 2015లో ప్రచురితమైంది. చేనే కంచెను మేసినట్టు, గుడ్ల కోసం ఒళ్లు తన వీపు పలకల్ని తానే కరిగించుకుంటోంది. తర్వాత మళ్లీ నింపుకుంటుంది.

ఇంకోటి ఆమ్లం. మొసలి జాతి జంతువు నీళ్లలో ఎక్కువసేపు మునిగి పెనుగులాడితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగిపోతుంది. దాన్ని అదుపు చేయకపోతే ప్రాణం మీదికొస్తుంది. మొసలి జాతికే చెందిన బ్రాడ్ స్నౌటెడ్ కైమన్‌ల మీద 2003లో డొనాల్డ్ జాక్సన్ బృందం చూపించిందేమిటంటే, బలవంతంగా ముంచి ఉంచాక వాటి తోలెముకల్లో లాక్టేట్ చేరింది. ఎముకలోని కార్బొనేట్ ఆమ్లాన్ని చప్పబరుస్తుంది, ఎముక ఆ లాక్టేట్‌ను కొంతకాలం దాచి ఉంచుతుంది. తొలినాళ్లలో నేలమీదికెక్కిన నాలుగు కాళ్ల జంతువుల చర్మపుటెముకలు కూడా ఇదే పని చేశాయేమోనని క్రిస్టీన్ జానిస్ బృందం 2012లో ప్రతిపాదించింది. వాటికి ఊపిరితో బొగ్గుపులుసు వాయువును సరిగా వదిలేసే స్తోమత లేదు, రక్తం పులిసిపోయేది, దానికి విరుగుడు ఒంటి మీది ఎముక అన్నది వాళ్ల ఊహ. రుజువు కావడానికి చాలా దూరమున్నా, అడగాల్సిన ప్రశ్న అదే.

వెన్ను సంగతి కూడా ఒక ముక్కలో. మొసళ్లలో మధ్య వరసల తోలెముకలు బంధకాలతో, కండరాలతో వెన్నుపూసలకు ముడిపడి ఉంటాయి. నేలమీద నడిచేటప్పుడు నడుము కిందికి జారిపోకుండా ఇవి ఊతమిస్తాయని ఎబర్‌హార్డ్ ఫ్రై 1988లో వాదించాడు. మొసళ్ల పూర్వీకులు నేలమీద తిరిగినవే కాబట్టి ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఇప్పుడు కొమొడో డ్రాగన్‌ దగ్గరికి వద్దాం. దీన్ని తినే జంతువు ఆ దీవుల్లో మరొకటి లేదు. అయినా ఎదిగిన కొమొడో తల నిండా, ఒంటి మీదా సన్నటి తోలెముకల గొలుసుకట్టు అల్లుకుని ఉంటుంది. 19 ఏళ్లు దాటిన ఒక కొమొడోను, అప్పుడే పుట్టిన ఒక పిల్లనూ సీటీ తీసి పోల్చిన ఫలితాలు 2019లో వచ్చాయి. పెద్దదానిలో నాలుగు ఆకారాల తోలెముకలు కనిపించాయి. కొన్ని పూరేకుల్లా, కొన్ని పలకల్లా, కొన్ని కొమ్మల్లా, కొన్ని వానపాముల్లా. పిల్లలో ఒక్కటీ లేదు. పిల్ల కొమొడోలు చెట్లెక్కి బతికేదే పెద్ద కొమొడోల నోట పడకుండా ఉండడానికి. వాటికి లేని ఎముక పెద్దవాటికి ఎందుకు? పెద్దవి ఒకదానితో ఒకటి కలబడి కొరుక్కుంటాయి కాబట్టి అన్నది ఇప్పటికి బాగా నిలిచే సమాధానం. ఇదీ ఒక రకం కవచమేగా అనొచ్చు. ఒప్పుకుంటాను. కాకపోతే శత్రువు ఎవరన్నది మారిపోయింది. వేటాడే జంతువు పోయి, ఆ స్థానంలో సొంత జాతివాడే వచ్చాడు. ‘కవచం’ అని రాసి ఊరుకుంటే ఈ తేడా ఎక్కడా కనబడదు.

తాబేలు గురించి ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. తాబేటి చిప్ప తోలెముకలు కలిసిపోయి ఏర్పడిందని చాలాకాలం నమ్మారు. చైనాలో దొరికిన, దాదాపు 22 కోట్ల ఏళ్ల నాటి ఒడొంటొకెలిస్ అనే తొలితరం తాబేలు శిలాజం వివరాలు 2008లో వెలువడ్డాయి. దానికి పొట్ట పలక పూర్తిగా ఉంది, వీపున చిప్ప లేదు, వెడల్పైన పక్కటెముకలు మాత్రం ఉన్నాయి. తర్వాత 2013లో పిండాల మీద జరిగిన పరిశోధన వీపు చిప్పలోని పెద్ద పలకలు పక్కటెముకల పైపొరనుంచే విస్తరిస్తాయని చూపింది. అంటే ఆ భాగం తోలెముక కాదు. కానీ సముద్రాల్లో తిరిగే లెదర్‌బ్యాక్ తాబేలుకు ఆ పలకలు క్షీణించిపోయాయి. వాటి బదులు వీపు చర్మంలో వేలకొద్దీ చిన్న ఎముక బిళ్లలు నేలకు పరిచిన రాళ్లలా అతుక్కుని ఉంటాయి. అవి మాత్రం తోలెముకలే. తాబేళ్లన్నిటినీ ఒకే గాటన కడితే ఇదంతా మరుగున పడుతుంది.

శిలాజాల దగ్గరికి వస్తే ‘కవచం’ అనే మాట చేసిన నష్టం ఇంకా పెద్దది. తోలెముకలు ఒక్కో ఒంటి మీద వందల్లో ఉంటాయి, గట్టివి, జంతువు చచ్చాక విడివిడిగా చెదిరిపోతాయి. అస్థిపంజరం దొరకని చోట కూడా ఇవి దొరుకుతాయి. విడిగా దొరికిన ముక్కను చూసి జంతువును ఊహించబోయిన చోటే మహామహులు పప్పులో కాలేశారు. స్కాట్లండ్‌లోని ఎల్గిన్ దగ్గర దొరికిన పలకల్ని చూసి లూయీ అగసీ 1844లో అది చేప అనుకున్నాడు, స్టాగొనొలెపిస్ అని పేరు పెట్టాడు. అది సరీసృపమని తర్వాత హక్స్‌లీ తేల్చాడు. ఏటోసార్ అనే గుంపులోని జంతువది. దక్షిణ అమెరికాలో దొరికిన మందపాటి పలకలు రాకాసి స్లాత్ అయిన మెగాథీరియానివని కొంతకాలం నమ్మారు. అవి అంతరించిన మరో జంతువైన గ్లిప్టోడాన్‌వి అని రిచర్డ్ ఓవెన్ విడదీసి చూపాడు.

పొడవు మెడల డైనోసార్లైన సారోపాడ్‌ల కథ మరీ విచారకరం. మడగాస్కర్‌లో దొరికిన ఒక తోలెముకను షార్ల్ దెపెరే 1896లోనే, సారోపాడ్‌లలో ఒక గుంపైన టైటానోసార్‌దని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. అంత పెద్ద జంతువుకు కవచమెందుకు అన్నది అందరి ప్రశ్న. ఫ్రీడ్రిష్ ఫాన్ హ్యూనే 1929లో అర్జెంటీనా పలకలకు లోరికోసారస్ అని పేరు పెట్టి కవచమున్న డైనోసార్ల గుంపైన యాంకైలోసార్ లెక్కలో వేశాడు. అక్కడే దొరికిన సాల్టాసారస్‌ను బొనపార్టె, పవెల్ 1980లో ప్రచురించాకగానీ టైటానోసార్లకు తోలెముకలు ఉండేవని లోకం ఒప్పుకోలేదు. ఎనభై నాలుగేళ్లు! ఈ మధ్యలో జబల్‌పూర్ దగ్గరి బారా సిమ్లా కొండ కూడా బలైంది. అక్కడ తవ్వి తీసిన ఎముకలకు చార్లెస్ మాట్లీ 1923లో లామెటాసారస్ అని పేరు పెట్టాడు. నడుము ఎముక, కాలి ఎముక, పళ్లు, పలకలు అన్నీ ఒకే జంతువువని, అది కవచమున్న డైనోసార్ అని లెక్కవేశాడు. నిజానికి అది కలగాపులగం. కాలూ నడుమూ మాంసాహారివి. పలకలు టైటానోసార్‌వి అయ్యే అవకాశమే ఎక్కువ. ‘పలకలుంటే కవచమున్న గుంపే’ అన్న ముందస్తు నమ్మకం లేకపోతే ఈ ముడి ఇంతగా బిగుసుకునేది కాదని నా అభిప్రాయం.

టైటానోసార్ల తోలెముక ఏం చేసిందో మడగాస్కరే మళ్లీ కొంత చెప్పింది. అక్కడి రాపెటోసారస్ అనే టైటానోసార్ పిల్లదీ పెద్దదీ తోలెముకల్ని క్రిస్టినా కర్రీ రోజర్స్ బృందం 2011లో పోల్చింది. పిల్లదాని ఎముక లోపల గట్టిగా ఉంది. పెద్దదాని ఎముక సుమారు 9.6 లీటర్ల ఘనపరిమాణమున్న బ్రహ్మాండం, లోపల మాత్రం గుల్ల. ఉన్న ఎముక కరిగి ఖాళీ అయిన గుల్ల అది. ఒంటి మీద అక్కడక్కడ మాత్రమే ఉండే అలాంటి పలక ఏ కోరనూ ఆపలేదు. కరువులోనో గుడ్ల కాలంలోనో వాడుకునే ఖనిజపు గాదె అయితే మాత్రం లెక్క సరిపోతుంది.

స్టెగోసారస్‌కూ ఇదే వర్తిస్తుంది. ఓథ్నియల్ మార్ష్ 1877లో దానికి పేరు పెట్టినప్పుడు ఆ పలకలు పెంకుటింటి కప్పులా వీపు మీద పడుకుని ఉండేవనుకున్నాడు. పేరుకు అర్థమే కప్పుబల్లి. నిజానికి అవి నిలబడి ఉండేవి. పలచటివి, లోపల నాళాల గొట్టాలు నిండినవి. ఒళ్లు పెరగడం మందగించాక కూడా పలకలు పెరుగుతూనే ఉన్నట్టు ఎముక కోతల్లో తేలింది. ఈడొచ్చిన జంతువు తన ఈడు చాటుకోవడానికి వాడిన హంగు అని నేను నమ్ముతాను. వేడిని పట్టే పని కూడా దాంతోపాటు జరిగి ఉంటుంది.

ఎదుటి పక్షం చెప్పేదీ వినాలి. వాళ్ల చేతిలో బలమైన సాక్ష్యం ఉంది. కెనడాలోని ఆల్బర్టాలో 2011లో ఒక గనిలో తవ్వకం యంత్రానికి తగిలిన బోరియలోపెల్టా 11 కోట్ల ఏళ్ల నాటి యాంకైలోసార్. రాతినుంచి దాన్ని విడదీయడానికి మార్క్ మిచెల్ అనే నిపుణుడు దాదాపు 7,000 గంటలు కూర్చున్నాడు. 2017లో జాతి పేరు ఆయన మీదే పెట్టారు. తోలెముకలు పుట్టినచోటే, వరస చెదరకుండా, పైన కెరటిన్ తొడుగుతో సహా మిగిలాయి. భుజం మీది ముల్లు ఎముకగా ఉన్నదానికన్నా కెరటిన్‌తో కలిసి ఎంత పొడవుండేదో మొదటిసారి కొలవగలిగారు. యాంకైలోసార్ల తోలెముకల్ని కోసి చూసిన టోర్‌స్టెన్ షేయర్, మార్టిన్ సాండర్ 2004లో చూపించిన అల్లిక ఇంకా గొప్పది. పీచులు ఒక దిక్కుకే కాక వేర్వేరు దిక్కులకు అల్లుకుని, పలకను పలచగా ఉంచుతూనే బలాన్నిచ్చాయి. ఇది దెబ్బ కాచుకోవడానికే పుట్టిన అమరిక అంటే నేను కాదనను. అయితే దెబ్బ ఎవరిది? మోంటానాలో దొరికిన జూల్ అనే యాంకైలోసార్ పక్కల మీది ముళ్లు కొన్ని విరిగి మానాయి. విరిగినవన్నీ నడుము దగ్గర అటూ ఇటూ ఉన్నవే. వేటాడే జంతువు కరిస్తే దెబ్బలు ఇలా ఒక్కచోటే పడవు, సాటి యాంకైలోసార్ తోక గద తగిలే ఎత్తు అదే అని విక్టోరియా ఆర్బర్ బృందం 2022లో చెప్పింది. మళ్లీ సొంత జాతే.

ఇక చేతిపని దగ్గరికి. తోలెముకలు ఇన్నాళ్లూ సరిగా అర్థం కాకపోవడానికి సగం కారణం మ్యూజియం బల్ల మీదే ఉంది. చచ్చిన జంతువు రాగానే చర్మం ఒక గదికి, ఎముకలు ఒక గదికి పోతాయి. అస్థిపంజరం కావాలంటే చర్మం ఒలిచేస్తారు, దాంతోపాటే తోలెముకలూ పోతాయి. నీళ్లలో కుళ్లబెట్టి ఎముకలు తీస్తే సన్నటి బిళ్లలు అడుగు బురదలో కలిసి కాలువ పాలవుతాయి. కనీసం పావు మిల్లీమీటరు కన్నాల జల్లెడ పట్టాలి. అంతకన్నా ముందు చర్మాన్ని పరిచి ఎక్స్‌రే తీసి, ఏ బిళ్ల ఎక్కడుందో గుర్తించుకోవాలి. ఒకసారి విడిపోయాక వరస మళ్లీ దొరకదు.

సీసాలో నిల్వ చేసినా ముప్పు తప్పదు. ఆమ్లం పెరగకుండా ఆపే బఫర్ కలపని ఫార్మలిన్ కాలక్రమాన ఆమ్లమవుతుంది, ముందుగా కరిగిపోయేవి ఈ సన్నటి బిళ్లలే. తటస్థంగా ఉంచిన 10 శాతం ఫార్మలిన్‌లో స్థిరపరిచి, కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. రంగు వేసి పారదర్శకం చేసేవాళ్లకు ఇంకో గుంట కాచుకుని ఉంటుంది. మృదులాస్థికి నీలం పట్టించే ఆల్సియన్ బ్లూ ద్రావణంలో ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. అందులో రాత్రంతా ఉంచితే అప్పుడే మొదలైన తోలెముకల ఖనిజం పోతుంది, తర్వాత అలిజరిన్ ఎరుపు పట్టడానికి ఏమీ మిగలదు. ‘ఈ పిల్లకు తోలెముకలు లేవు’ అని రాసేస్తారు. తోలెముకలే కావాలనుకుంటే నీలాన్ని పూర్తిగా వదిలేసి, పలచటి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో అలిజరిన్ ఒక్కటే వాడడం మేలు. సీటీ తీసినా జాగ్రత్త కావాలి. తోలెముక మందం 100 మైక్రాన్లే ఉన్నప్పుడు 80 మైక్రాన్ల గడి, అంటే వోక్సెల్‌తో తీస్తే అది చర్మంలో మసకగా కలిసిపోతుంది.

శిలాజ తోలెముకను కోయాలంటే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, అచ్చు పోసి ఉంచాలి. కోత తర్వాత ఆకారం తిరిగి రాదు. తర్వాత ఎపాక్సీ రెసిన్‌లో ముంచి శూన్యపేటికలో గాలి లాగేయాలి. గుల్లల్లో గాలి బుడగ మిగిలితే అరగదీసేటప్పుడు అక్కడే చిట్లిపోతుంది. గట్టిపడ్డాక వజ్రపు రంపంతో నిదానంగా, సరిగ్గా గట్టు మధ్యనుంచి అడ్డంగా కోయాలి. ఎముక పెరుగుదల మొదలైంది అక్కడే. కోత అంచువైపు జరిగితే ఎముకలో ఏటా పడే వలయాల్లో తొలి ఏళ్లవి తప్పిపోయి, వయసు తక్కువ పలుకుతుంది. కోసిన ముఖాన్ని 400, 600, 1000 నంబరు సిలికాన్ కార్బైడ్ పొడులతో వరసగా నునుపు చేసి గాజుపలకకు అతికించి, రెండో వైపునుంచి 50–80 మైక్రాన్ల మందానికి తేవాలి. ఒక పొడి కడగకుండా ఇంకో పొడికి వెళ్తే గీతలు పడతాయి, వాటిని వలయాలనుకునే ప్రమాదముంది. ధ్రువీకరించిన కాంతిలో పీచుల దిక్కును బట్టి కొన్ని వెలుగుతాయి, కొన్ని చీకటిగా ఉంటాయి. పలకను తిప్పుతూ పోతే అవి తారుమారవుతాయి. చర్మపు అల్లిక అప్పుడే స్పష్టంగా బయటపడుతుంది.

బతికున్న మొసలి వయసు కూడా ఇలాగే తెలుసుకోవచ్చు. నైలు మొసళ్ల మీద ఈ పద్ధతిని హట్టన్ 1986లోనే వివరించాడు. స్థానికంగా మత్తిచ్చి ఒక్క పలక తీస్తే చాలు, ప్రాణం తీయక్కర్లేదు. కానీ వలయాల లెక్కను కళ్లు మూసుకుని నమ్మకూడదు. పెద్ద ఆడవాటిలో లోపలి వలయాలు కరిగిపోయి ఉంటాయి, లెక్క తక్కువొస్తుంది. ఎందుకు కరిగాయో పైన చెప్పాను. వీపు పలకను వట్టి డాలు అనుకున్నవాడు ఈ లోటును తన కోతలో తప్పుగా చూస్తాడు. దాన్ని ఖనిజపు గాదెగా చూసినవాడికి అదే లోటు ఆ ఆడమొసలి పెట్టిన గుడ్ల జాడ.

తోళ్ల వ్యాపారులకు ఈ ఎముకలు శాస్త్రవేత్తలకన్నా ముందే బాగా తెలుసు. కైమన్ల పొట్ట చర్మంలో కూడా తోలెముకలుంటాయి. వాటిని బటన్లంటారు. రంగు సమంగా పట్టదు, మడిస్తే పగులుతుంది, ఆమ్లంలో నానబెట్టి సున్నం కరిగించాలి. ఉప్పునీటి మొసలి పొట్టలో అవి అంతగా లేకపోవడం వల్లే ఆ తోలుకు అంత గిరాకీ, ఆ జంతువుకు అంత చేటు.

పాలిచ్చే జంతువుల్లో తోలెముకలు ఒంటిని పలకలు కప్పిన, అమెరికా ఖండాల జంతువులైన ఆర్మడిల్లోలకు, వాటి చుట్టాలకే పరిమితమని ఇటీవలిదాకా చెప్పేవాళ్లు. ఆర్మడిల్లో పిల్ల కూడా మెత్తటి తోలుతోనే పుడుతుంది, పుట్టాకే గట్టిపడుతుంది. దాని చుట్టమైన గ్లిప్టోడాన్ వీపున వెయ్యికి పైగా పలకలు, ఒక్కోటి రెండున్నర సెంటీమీటర్ల దాకా మందం. మరో దూరపు చుట్టం మైలోడాన్ అనే నేల స్లాత్. చిలీ దేశపు ఒక గుహలో 1895లో దాని తోలు ముక్క దొరికింది. బొచ్చు అలాగే ఉంది. లోపలివైపు చూస్తే చింతపిక్కల్లాంటి ఎముకలు పొదిగినట్టున్నాయి. అది ఎంత తాజాగా కనిపించిందంటే, ఆ జంతువు ఇంకా బతికే ఉందేమోనని వెతకడానికి ఇంగ్లండునుంచి 1900లో మనుషులు బయల్దేరారు. అది పది వేల ఏళ్లకు పైబడ్డ తోలు.

వెన్నెముకగల జంతువుల చరిత్రలో ఎముక మొదట పుట్టింది చర్మంలోనే. 45 కోట్ల ఏళ్లకు పైబడ్డ దవడల్లేని చేపలకు ఒంటి మీద ఎముక పలకలున్నాయి, లోపలి అస్థిపంజరం ఇంకా ఎముకగా మారలేదు. మన నుదుటి ఎముక, నడినెత్తి ఎముకలు, మెడ కింది జత్రుక ఆ పాత చర్మపు పలకల వారసులే. అందుకే అవి మృదులాస్థి నమూనా లేకుండా నేరుగా పొరలోంచి పుడతాయి. మన చర్మానికి ఆ విద్య పూర్తిగా మరుపుకూ రాలేదు. పాత మొటిమల మచ్చల్లో చిన్న ఎముక పలుకులు ఏర్పడడం వైద్యులు చూస్తూనే ఉన్నారు. చర్మంలో ఎక్కడైనా మళ్లీ మేల్కోగల పాత శక్తి ఇది. బల్లుల్లో, మొసళ్లలో, డైనోసార్లలో, ఆర్మడిల్లోల్లో విడివిడిగా ఇన్నిసార్లు పుట్టిందంటే కారణం అదే. ప్రతిసారీ ఒకే అవసరం కోసం పుట్టి ఉంటుందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ముళ్లెలుక (స్పైనీ మౌస్) సంగతి చూడండి. గాయపడ్డ చర్మాన్ని మచ్చ లేకుండా తిరిగి పెంచుకోగలదని 2012నుంచీ ప్రయోగశాలల్లో దాని మీద ఎడతెగని పరిశోధన జరుగుతోంది. చర్మం కోసమే పెంచిన జంతువది. అయినా దాని తోక చర్మంలో తోలెముకల వరసలున్న సంగతి 2023లోగానీ ప్రచురితం కాలేదు. మ్యూజియం నమూనాలను వరసపెట్టి సీటీ తీస్తుంటే బయటపడింది. దగ్గరి చుట్టాలైన ఎలుకల్లోనూ ఉన్నాయి. తోక మొదట్లో ఖనిజం పట్టడం మొదలై కొసకు పాకుతుంది. పుట్టిన ఆరు వారాలకుగానీ పూర్తికాదు.